ఒక్క సెకను తుపాకి



ఈ సాయంత్రం మీకు ఒక తుపాకి ముచ్చట చెప్తాను. కంగారు పడకండి, ఇది ఫోన్ తెరమీద కనిపించే తుపాకి. పేరు వెక్టార్. మీ ఇంట్లో పదహారు, పదిహేడేళ్ళ పిల్లలుంటే వాళ్ళ దగ్గర ఒక్కసారి ఈ పేరు ఎత్తి చూడండి. "ఎం ఫోర్ దొరుకంగ వెక్టార్ ఎవడు పడుతడు?" అంటారు. కరీంనగర్‌లో అడిగినా, మంచిర్యాలలో అడిగినా, ఆదిలాబాద్‌లో అడిగినా చాలామంది జవాబు ఇదే.

అయితే అందరూ వదిలేసే ఆ తుపాకినే పట్టుకుని గెలిచేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు చేసే పని ఏమిటి? మిగతావాళ్ళు చేయనిది ఏమిటి? ఈ కాసేపు దాని గురించే మాట్లాడుకుందాం. ఆట ఆడే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది పనికొస్తుంది. ఆడని అమ్మలకూ బాపులకూ, పిల్లలు ఆ ఫోన్‌లోకి ఏమని అరుస్తున్నారో కాస్త అర్థమవుతుంది.

ముందు ఆట సంగతి. పబ్‌జీ అంటే తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే. 2018లో అది ఫోన్లలోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 118 యాప్‌లలో అదీ ఉంది. మరుసటి ఏడాది జులైలో దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ దాన్ని మన దేశం కోసమని బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా పేరుతో తెచ్చింది. 2022లో అదీ ఆగింది. 2023లో మళ్ళీ వచ్చింది. పేరు మారినా మన పిల్లల నోట్లో మాత్రం అది పబ్‌జీయే.

ఆట ఎట్లా సాగుతుందంటే, వంద మంది విమానం నుంచి పారాచూట్‌లతో ఒక పెద్ద దీవి మీద దిగుతారు. దిగినప్పుడు ఎవరి చేతిలోనూ ఆయుధం ఉండదు. ఇళ్ళల్లో, గోదాముల్లో వెతికి తెచ్చుకోవాలి. దాన్ని లూట్ అంటారు. ఆడే మైదానం చుట్టూ ఒక నీలం గీత ఉంటుంది. అది ఆగి ఆగి లోపలికి జరుగుతూ వస్తుంది. గీత బయట మిగిలినవాళ్ళ ప్రాణం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అందుకని అందరూ లోపలికి రావలసిందే. చివరిదాకా నిలిచిన జట్టుదే గెలుపు. జట్టుకు నలుగురు. దాన్ని స్క్వాడ్ అంటారు.

నలుగురు అనే మాట గుర్తుపెట్టుకోండి. ఈ ప్రసంగంలో ఆ మాటతో మనకు చాలా పని ఉంది.

ఇప్పుడు వెక్టార్. ఇది ఆటవాళ్ళు ఊహించి చేసిన తుపాకి కాదు. క్రిస్ వెక్టార్ అనే తుపాకి నిజంగానే ఉంది. దాని తయారీలో ఒక విచిత్రం ఉంది. మామూలు తుపాకి పేలినప్పుడు లోపలి బోల్టు తిన్నగా వెనక్కి వస్తుంది. ఆ తన్నుకు తుపాకి మూతి పైకి లేస్తుంది. వెక్టార్‌లో ఆ బరువు వెనక్కి వస్తూ వస్తూ కిందికి జారుతుంది. దాంతో మూతి పైకి లేవడం తగ్గుతుంది. అందుకే అంత వేగంగా పేలుతున్నా అది చేతికి లొంగుతుంది.

ఆటలో దాని వేగం ఎంత? మామూలు మ్యాగజైన్‌లో 19 తూటాలు పడతాయి. వేలు నొక్కిపట్టుకుంటే ఆ 19 తూటాలూ దాదాపు ఒక్క సెకనులో అయిపోతాయి. మళ్ళీ చెప్తున్నాను. 19 తూటాలు, ఒక్క సెకను. మ్యాగజైన్ మార్చుకోవడానికి మాత్రం అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. అంటే కాల్చే సమయం తక్కువ, చేతులు ఖాళీగా ఉండే సమయం ఎక్కువ. పిల్లలు వెక్టార్‌ను వదిలేయడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం దూరం. ఒక గది, ఒక మెట్లదారి, మహా అయితే ఒక గల్లీ వెడల్పు. అంతవరకే దాని రాజ్యం. అది దాటితే తూటా బలం తగ్గుతుంది, చేరడమూ ఆలస్యమవుతుంది. దూరపు కొండమీద ఉన్నవాడిని వెక్టార్‌తో కొట్టాలనుకుంటే నేనిక్కడ ఉన్నానని వాడికి చెప్పినట్టే.

మరి దగ్గరికి వెళ్తే? అక్కడ లెక్క తిరగబడుతుంది. ఎదుటివాడు రెండో రకం కవచం వేసుకున్నాడనుకుందాం. వాడిని పడగొట్టాలంటే ఛాతీమీద ఐదారు తూటాలు తగలాలి. ఆరే అనుకుందాం. ఆరు తూటాలు పోవడానికి వెక్టార్‌కు సెకనులో మూడోవంతు చాలు. ఎదుటివాడు మీవైపు తిరిగి గురి కుదుర్చుకునేలోపే పని అయిపోతుంది. దగ్గరి పోరులో అంత త్వరగా మనిషిని పడగొట్టే తుపాకులు ఆ ఆటలో ఎక్కువ లేవు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. మనిషికి ఆరు తూటాలు. మ్యాగజైన్‌లో ఉన్నవి 19. ఒక్కటీ గురి తప్పకపోతే ముగ్గురికి సరిపోతాయి. కానీ ఎదుటి జట్టులో ఉన్నది ఎందరు? నలుగురు. ఎంత గొప్పగా ఆడినా, ఒక్క తూటా వృథా కాకపోయినా, నాలుగోవాడు మిగిలే ఉంటాడు. అప్పుడు మీ చేతిలో ఉండేది ఖాళీ తుపాకి.

వెక్టార్ నేర్చుకోవాలనుకునేవాళ్ళు ముందు ఈ లెక్కను ఒంటబట్టించుకోవాలి. ఇది ఒంటరివాడి తుపాకి కాదు. పక్కన ముగ్గురు ఉన్నవాడి తుపాకి.

మన ప్రాంతంలో పిల్లలకు ఈ మాట కబడ్డీలో చెప్తే తొందరగా ఎక్కుతుంది. కూతకు పోయేవాడికి ఉండేది 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో వాడు ఎదుటివాడిని తాకేది ఒక్క క్షణమే. మిగతాదంతా అడుగులే. ఎటు జరగాలి, ఎవరిని మురిపించాలి, ఏ మూల బలహీనంగా ఉంది, గీత ఎంత దూరంలో ఉంది అని చూసుకుంటూ వేసే అడుగులు. చేయి ఎంత వేగంగా ఉన్నా అడుగు తప్పితే పట్టు పడుతుంది. ముట్టి కూడా తిరిగి తన గీతకు చేరకపోతే పాయింటు లేదు. వెక్టార్ కూడా సరిగ్గా అంతే. పోవడం ఒక విద్య, తిరిగి రావడం ఒక విద్య. మధ్యలో కాల్చడం ఒక్క సెకను.

సరే, పోవడం ఎట్లా నేర్చుకోవాలి?

మొదటిది చెవి. ఈ ఆటలో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే కుడివైపో ఎడమవైపో కూడా తెలుస్తుంది. పైఅంతస్తులో నడుస్తున్నారా, కింద నడుస్తున్నారా అన్నది కొంచెం అలవాటు మీద పట్టుబడుతుంది. తలుపు తెరిస్తే చప్పుడు, కిటికీ అద్దం పగిలితే చప్పుడు, మ్యాగజైన్ మార్చినా చప్పుడే. వెక్టార్ పట్టినవాడు ఇంట్లోకి దూకే ముందు గోడవారన ఆగి వినాలి. లోపల ఎంతమంది? ఏ గదిలో? నిలబడ్డారా, తిరుగుతున్నారా? అది తెలియకుండా తలుపు తీసేవాడు ఆ ఒక్క సెకనును గాలికి వదులుతాడు. ఇక మన అడుగూ వాళ్ళకు వినిపిస్తుంది కదా. అందుకే చివరి పది అడుగులు పరుగు మాని, వంగి నడవాలి.

రెండోది గోడ. ఎం ఫోర్ తుపాకి ఉన్నవాడు చెట్టు చాటున నిలబడి దూరం నుంచే పోరాడగలడు. వెక్టార్ ఉన్నవాడికి ఆ సౌకర్యం లేదు. ఒక గోడ నుంచి ఇంకో గోడకు, ఒక రాయి నుంచి ఇంకో రాయికి చేరుకుంటూ పోవాలి. ఖాళీ పొలంలో అడ్డంగా పరుగెత్తితే మధ్యలోనే పడిపోతాడు. మ్యాప్‌లో పోచింకి అనే ఊరుంది. ఆ పేరు ఆడే పిల్లలందరికీ నోటికి వచ్చు. ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ వెక్టార్‌కు విలువ. బయళ్ళు ఎక్కువున్న చోట విలువ లేదు. తుపాకి మంచిదా చెడ్డదా అని అడిగే ముందు, దిగిన చోటు ఎట్లాంటిదో చూసుకోవాలి.

ఇంకో సంగతి. నీలం గీత లోపలికి జరిగేకొద్దీ మైదానం చిన్నదవుతుంది. మొదట్లో కిలోమీటర్ల దూరంలో ఉన్న శత్రువు చివరికి పక్క రాయి వెనకే ఉంటాడు. అంటే ఆట ముదిరేకొద్దీ దగ్గరి తుపాకి విలువ పెరుగుతుంది. దొరికీ దొరకగానే పారేసినవాళ్ళు దీన్ని ఆలోచించరు. ఒక చేతికి దూరపు తుపాకి, ఇంకో చేతికి వెక్టార్. రెండు తుపాకులు మోసే వీలుంది కదా. అట్లా మోసినవాడికి రెండు వైపులా దారి ఉంటుంది.

మూడోది వేలు. అందరూ వేలు నొక్కితే వదలరు. 19 తూటాలూ పోయేదాకా పట్టుకుంటారు. అందులో సగం గోడకు తగులుతాయి. శిక్షణ మైదానం అని ఆటలోనే ఒక చోటు ఉంది. అక్కడ తూటాలకు కొదువ లేదు, ప్రాణభయం లేదు. గోడ ముందు నిలబడి ఆరు తూటాలు కాల్చి వేలు ఎత్తడం సాధన చేయాలి. ఆరు, ఆగు. మళ్ళీ ఆరు, ఆగు. చెవికి ఆ చప్పుడు పొడవు అలవాటు కావాలి. లెక్కపెట్టేంత సమయం పోరులో ఉండదు. వేలే లెక్క నేర్చుకోవాలి. ఆరు, ఆగు.

తర్వాత నలుగురు నలుగురుగా ఆడే టీడీఎం, అంటే టీమ్ డెత్‌మ్యాచ్, ఉంది. గోదాములో జరుగుతుంది. 40 మందిని ముందు పడగొట్టిన జట్టు గెలుస్తుంది. పడ్డవాడు వెంటనే మళ్ళీ లేస్తాడు. ఓడినా పోయేది ఏమీ లేదు. దగ్గరి పోరు నేర్చుకోవడానికి దానికి మించిన చోటు లేదు.

నాలుగోది సరంజామా. వెక్టార్ ఒట్టిది దొరికితే అది సగం తుపాకి. పెద్ద మ్యాగజైన్ తగిలిస్తే 19 కాస్తా 33 అవుతాయి. అప్పుడు లెక్క ముగ్గురి నుంచి ఐదుగురికి పెరుగుతుంది. కాబట్టి లూట్ చేసేటప్పుడు ముందు వెతకాల్సింది అదే. తర్వాత వెనక పెట్టే స్టాక్, ముందు పట్టుకునే గ్రిప్. అద్దాల్లో రెడ్ డాట్ చాలు. దూరం చూసే పెద్ద అద్దం దీనికి ఎందుకూ పనికిరాదు. ఒక మాట తల్లిదండ్రులకు కూడా. తుపాకికి రంగురంగుల తొడుగులు డబ్బు పెట్టి కొనే వీలు ఈ ఆటలో ఉంది. వాటిని స్కిన్ అంటారు. రంగు కొన్నంత మాత్రాన తూటా దెబ్బ పెరగదు. అందానికే. తక్కువ ధరకు ఇప్పిస్తామని, ఓటీపీ చెప్పమని ఎవరైనా మెసేజ్ పెడితే అది మోసమే. ఆ నంబరు ఎవరికీ చెప్పకండి.

ఐదోది, అన్నిటికంటే పెద్దది, జట్టు. ఇక్కడ కొంచెంసేపు ఆగుదాం.

గోదావరిఖనిలో నలుగురు దోస్తులు ఆడుతున్నారనుకోండి. పోచింకిలో ఒక రెండంతస్తుల ఇల్లు. లోపల శత్రువులు ఉన్నారు. వెక్టార్ ఒకరి దగ్గర ఉంది. ఆ నలుగురి మాటలు ఇట్లా ఉంటాయి.

"అన్నా, నేను కిటికి మీద కొడుతున్న. వాడు తల బయట పెట్టడు. నువ్వు గోడ పొంటి పో."

"స్మోక్ ఏసిన. తలుపు కనపడది వాళ్ళకు. ఉరుకు."

"వెనక రోడ్డు నేను చూస్తున్న. బేఫికర్."

ఇప్పుడు వెక్టార్ వాడు మెట్లెక్కుతాడు. పైన ఒకడు ఎదురవుతాడు. ఆరు తూటాలు. వాడు పడతాడు. "ఒకడు నాక్. ఇంకొకడు ఎడమ రూములున్నడు. మ్యాగ్ మారుస్తున్న, కిందికొస్తున్న."

ఈ మాటల్లో ఎంత పని జరిగిందో గమనించారా? ఒకడు కిటికీ మూశాడు. ఒకడు పొగ పరిచాడు. ఒకడు వీపు కాచాడు. నాలుగోవాడు ఒక్క సెకను కాల్చాడు. రేపు కాలేజీలో ఎవరి పేరు చెప్పుకుంటారు? నాలుగోవాడిదే. కానీ మిగతా ముగ్గురిలో ఏ ఒక్కరు తప్పినా వాడు మెట్ల దగ్గరే పడిపోయేవాడు.

అందులో ఇంకో కిటుకు ఉంది. పడ్డవాడు వెంటనే చనిపోడు. నాక్ అవుతాడు, అంటే మోకాళ్ళ మీద పాకుతుంటాడు. వాడి జట్టువాళ్ళు వచ్చి లేపవచ్చు. కొత్తవాళ్ళు ఏం చేస్తారంటే, పాకేవాడి మీదే మిగతా తూటాలన్నీ ఖర్చుపెడతారు. లెక్కలో మనిషి పెరగాలని ఆశ. అంతలో రెండోవాడు పక్క గది నుంచి వస్తాడు, మన చేతిలో తుపాకి ఖాళీ. వెక్టార్ తెలిసినవాడు పాకేవాడిని వదిలేస్తాడు. వాడిని లేపడానికి ఎవరో ఒకరు రావలసిందే కదా. వచ్చేవాడి కోసం మిగిలిన తూటాలు ఉంచుకుంటాడు.

ఇక మాట. పోరులో చెప్పే మాట పొట్టిగా ఉండాలి. ఎంతమంది, ఎక్కడ, నా పరిస్థితి ఏమిటి. ఈ మూడు చాలు. "అరేయ్ అక్కడ అక్కడ, కొట్టు కొట్టు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. అక్కడ అంటే ఎక్కడ? చెప్పిన మాట మళ్ళీ అడిగే సమయం ఎవరికీ ఉండదు. ముఖ్యంగా మ్యాగజైన్ అయిపోయిందన్న మాట దాచకూడదు. వెక్టార్ వాడు ఆటలో ఎక్కువసార్లు చెప్పాల్సిన మాట అదే. నా దగ్గర అయిపోయింది, వెనక్కి వస్తున్నాను. పరువు తక్కువ అనుకుని చెప్పనివాడు తనతోపాటు జట్టునూ ముంచుతాడు.

ఇప్పటిదాకా ఐదు మాటలు చెప్పుకున్నాం. చెవి, గోడ, వేలు, సరంజామా, జట్టు. ఇందులో వేలు ఒక్కటే వేగానికి సంబంధించింది. మిగతా నాలుగూ ఓపికకు సంబంధించినవి. అంత వేగమైన తుపాకి అంత ఓపిక ఉన్నవాడి చేతిలోనే పనిచేస్తుంది.

ఇక మన ప్రాంతానికి సంబంధించిన ఒక చిక్కు. నెట్‌వర్క్. మీరు తెరమీద వేలు నొక్కిన సంగతి ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కు చేరి, తిరిగి మీ ఫోన్‌కు రావాలి. ఆ రాకపోకల సమయాన్ని పింగ్ అంటారు. దూరం నుంచి నెమ్మదిగా కాల్చుకునే పోరులో కొంచెం ఆలస్యమైనా నడుస్తుంది. కానీ వెక్టార్ పోరు మొత్తం సెకనులో మూడోవంతు. అందులో సగం రాకపోకలకే పోతే? మీరు ముందే కాల్చారు, కానీ ఆ సంగతి ఆలస్యంగా చేరింది. మీ తెరమీద మీరు గెలిచినట్టే ఉంటుంది, మరుక్షణం మీరే పడి ఉంటారు. కరీంనగర్ టౌన్‌లో ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో ఆడేవాడికీ, ఉట్నూరు, తిర్యాణి వైపు గూడేల్లో సిగ్నల్ కోసం ఊరి చివరికి నడిచేవాడికీ ఈ తేడా గట్టిగా తెలుస్తుంది. 2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్ళలో పెద్దపల్లి జిల్లా అడవిశ్రీరాంపూర్ ఒకటి. అట్లాంటి తీగ ప్రతి గూడేనికీ చేరిన రోజు ఆటే కాదు, చదువూ బాగుపడుతుంది.

అంతదాకా ఏం చేయాలి? పింగ్ ఎక్కువున్న చోట, తలుపు వెనక కదలకుండా కాచుకుని కూర్చునేవాడికంటే మలుపు తిరిగి వచ్చేవాడికే కాస్త మేలు. ఎందుకంటే వచ్చేవాడు కూర్చున్నవాడిని ముందు చూస్తాడు. కూర్చున్నవాడి తెరమీదికి వచ్చేవాడి బొమ్మ ఆలస్యంగా చేరుతుంది. కాబట్టి వెక్టార్ వాడు మూలన కూర్చోవడం కంటే కదులుతూ ఉండడమే మంచిది. సిగ్నల్ మరీ లేనప్పుడు దూరపు తుపాకి పట్టి, దోస్తుకు కవర్ ఇవ్వడం, అంటే వాడు కదిలేటప్పుడు కాపు కాయడం, ఇంకా మంచిది.

అమ్మలూ బాపులూ, ఇప్పుడు మీతో రెండు మాటలు.

ఆట అంటేనే చెడు అనుకోనక్కర లేదు. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటలను, క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఇదే ఆటకు పతకాలు ఇచ్చారు. అక్కడ మనుషులను కాల్చడం తీసేసి, లక్ష్యాలను కొట్టే పోటీగా మార్చారు. డబ్బు పందెం కట్టే ఆన్‌లైన్ ఆటల సంగతి వేరు. తెలంగాణ వాటిని 2017లోనే చట్టంతో అడ్డుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. పందెం ఆటలు ఒక గట్టున, ఈ-స్పోర్ట్స్ ఇంకో గట్టున అని ఆ చట్టమే విడదీసింది. మీ పిల్లవాడు ఏ గట్టున ఉన్నాడో ముందు కనుక్కోండి.

అట్లాగని గంటలకు హద్దు లేకుండా వదలమని నేను చెప్పడం లేదు. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా 2023లో తిరిగి వచ్చినప్పుడు, 18 ఏళ్ళలోపు వాళ్ళకు రోజుకు మూడు గంటల హద్దు పెట్టింది. పరీక్షలున్న ఇంట్లో అదీ ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ను జబ్బుల పట్టికలో చేర్చింది. దాని గుర్తులు తెలుసుకోండి. ఆపాలన్నా ఆపలేకపోవడం. తిండి, నిద్ర, చదువు, దోస్తులు అన్నిటికంటే ఆటే ముందు కావడం. నష్టం కనిపిస్తున్నా వదలకపోవడం. ఇవి నెలల తరబడి ఉంటే డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి. ఒకరోజు అరగంట ఎక్కువ ఆడాడని జబ్బు అనకూడదు.

ఆడే తమ్ముళ్ళకు కూడా ఆటలోంచే ఒక మాట. రెప్పలు బరువెక్కిన తర్వాత ఆరు, ఆగు అన్న లెక్క వేలికి గుర్తుండదు. మొత్తం మ్యాగజైన్ గోడకు పోతుంది. అర్ధరాత్రి వరుసగా ఓడిపోతున్నప్పుడు ఇంకొక్కటి, ఇంకొక్కటి అని కూర్చునేవాడు వెక్టార్ నేర్చుకోలేడు. చెవి పనిచేయాలంటే నిద్ర కావాలి. శ్రద్ధగా అరగంట సాధన చేసి ఫోన్ పక్కన పెట్టినవాడే ముందుకు పోతాడు.

చివరగా అమ్మలకూ బాపులకూ ఒక చిన్న పని. మీ పిల్లవాడు ఆట ముగించి గది బయటికి వచ్చినప్పుడు, మనం మామూలుగా "ఎంతమందిని కొట్టినవ్ రా?" అని అడుగుతాం, లేదా తిడతాం. ఈసారి ఇట్లా అడిగి చూడండి. "నువ్వు లోపలికి పోయినప్పుడు నీకు కవర్ ఎవరిచ్చిండ్రు? నువ్వెవరికిచ్చినవ్?" టక్కున పేర్లు చెప్తే వాడు ఆట నేర్చుకుంటున్నాడు, మనుషులతో మెలగడమూ నేర్చుకుంటున్నాడు. నీళ్ళు నమిలితే, ఇంకా ఒక్కడే తలుపులు తన్నుకుంటూ తిరుగుతున్నాడన్నమాట. అప్పుడు పక్కన కూర్చుని, 19ని ఆరుతో భాగించి చూడమనండి. మిగతాది వాడే అర్థం చేసుకుంటాడు.